శిష్యమూఢం

అచ్చాయమ్మ కోటిపల్లి రేవులో చేపలమ్మే మనిషి. పెనిమిటిని గోదావరి మింగిన నాటినుంచి పరుల నావలు తెచ్చిన చేపనే గంపకెత్తుకుని బతికింది. నడివయసు దాటాక, 1907లో, సొంత నావ కట్టించింది. వరదకు పులస చేప ఏటికెదురెక్కే శ్రావణంలో దానిని నీటిలో దించాలి. ఆ వరద తీస్తే మళ్ళీ ఏడాదిదాకా పులస లేదు.

గురుమూఢం విడవగానే ఆమె ముహూర్తం కోసం వీరబ్రహ్మం సిద్ధాంతి అరుగు దగ్గరికి వెళ్ళింది. గ్రహం సూర్యకాంతిలో మునిగి కనబడని కాలమే మూఢం. అప్పుడు శుభకార్యాలు చేయరు. సిద్ధాంతి ఆ మధ్యనే పత్రికలో ఒక వార్త చదివాడు. బృహస్పతి తిరిగే కక్ష్యలోనే, ఆయనకు చాలా ముందుగా, ఒక చిన్న గ్రహశకలం సూర్యుని చుట్టూ తిరుగుతున్నదట. అది ఆయనకు అందదు, ఆయనను విడిచి పోదు. ఆలోచనాపరుణ్ణి మౌనంలో పడవేయవలసిన సంగతి. సిద్ధాంతికి మాత్రం అందులో ఇంకొక మూఢం దొరికింది.

"గురువు లేచాడు గానీ, ముందు నడిచే శిష్యుడు మునగబోతున్నాడే. ఆయన కూడా లేవాలి."

"శిష్యుడేంటండి బాబూ! మా మావగారి కాలంలో లేడే?"

"ఉన్నాడు. మీకే తెలీలేదు. తెలిస్తే నీ మొగుడు బతికేవాడు."

ఆమె గంప ఎత్తుకుని వెనక్కి మళ్ళింది. విద్య ఇంతకన్న నీచానికి దిగగలదని నేననుకోను.

నావ ఇసుకమీద ఎండుతూ ఉండగానే, భూస్వామి బంగార్రాజుగారి ధాన్యపు పడవకు సిద్ధాంతి తన చేతులతో కొబ్బరికాయ కొట్టి కాలువలో దింపించాడు. అచ్చాయమ్మ విని సిద్ధాంతిమీద మండిపడింది.

"ఏమండీ, మీ శిష్యుడి కంటికి కాలవ ఆనదా? గోదారొక్కటే ఆనుద్దా?"

"రాజుగారు శాంతి చేయించుకున్నారే."

ఆమె నేరుగా రేవుకు పోయి, నలుగురిని కేకేసి నావను నీటిలోకి తోయించింది. ఎండకు పలకల సందులు విచ్చి ఉన్నాయి. మోకాలిలోతు దాటకముందే నావలోకి నీళ్ళు ఊటబుగ్గలా చిమ్మాయి. ఒడ్డుకు లాగి, సందుల్లో పీచూ గుగ్గిలమూ దట్టించి, మళ్ళీ దించేసరికి వరద తీసింది. పులస పోయింది.

"చెప్పానా?" అన్నాడు సిద్ధాంతి, రేవు మెట్లమీద నిలబడి.

ఆమె ఉమ్మివేస్తుందనుకున్నాను. చెంపలు వేసుకుంది. నిరీక్షణే నావను పాడుచేసిందని వడ్రంగి చెప్పినా చెవిన పెట్టలేదు. మరుసటి ఏడు పొరుగింటి తలుపులమ్మ కొత్త నావ దించబోతే అడ్డం పడింది అచ్చాయమ్మే.

"శిష్యుడు లేచాడో లేదో కనుక్కోవే పిచ్చిమొహమా!"

తలుపులమ్మ నావ కూడా ఇసుకమీద ఎండింది.