షెడ్డు మట్టి

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే అజ్మతుల్లాకి కోపం రావడం ఇంట్లోవాళ్ళు అరుదుగా చూశారు. విసుక్కునే చేతిలో గరిటె విరుగుతుందనేవాడు. ఆ రోజు మాత్రం ఆత్మకూరులో బస్సు దిగేసరికే అతని దవడలు బిగుసుకుని ఉన్నాయి.

వాళ్ళ వీధి చివర పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు మూతపడి కొన్నేళ్ళయింది. అక్కడి మట్టి మెత్తగా, రాయి లేకుండా ఉంటుందని రంజాన్ ముందు ఆడవాళ్ళు గంపలతో తెచ్చి పొయ్యి, గడప అలుక్కునేవారు. అతని భార్య షరీఫున్నీసా కూడా అంతే. మనవరాలు షీరీన్ పాకడం నేర్చింది ఆ గడప మీదే. పొయ్యి అంచు గోటితో గీరి నాకేది. ఈమధ్య ఆ పిల్లకి అన్నం సయించడం లేదు, ఎప్పుడూ కడుపునొప్పి. రక్తంలో సీసం ఉందని డాక్టరు చెప్పాడు.

ఆ మట్టి సంగతి మీద ఆత్మకూరులో ఆఫీసరు పెట్టిన మీటింగులో షెడ్డు యజమాని పెట్టుకున్న ఇంజనీరు తేల్చేశాడు: ప్రమాదం లేదు, మట్టి తవ్వి తీయనక్కర్లేదు.

"ఎట్లా లేదంటారు సార్?" అజ్మతుల్లా లేచాడు.

"సీసం ఎంతవరకు ఒంట్లోకి పోయినా ఫరవాలేదో ఒక హద్దుంటుంది పెద్దాయనా. ఇది ఆ హద్దు లోపలే."

"ఎవురి ఒంట్లోకి?"

"పెద్దవాళ్ళ ఒంట్లోకి. పనిచేసే మగవాళ్ళని చూసి ఎప్పుడో కట్టిన అంకె. పిల్లలకైతే ఇంతవరకు ఫరవాలేదనే హద్దే లేదంటున్నారు ఇప్పుడు. కానీ షెడ్డులో పిల్లలుండరు కదా."

"రెండూ తెలిసే మీ సేటుకి పనికొచ్చేది ఏరుకున్నారన్నమాట. మట్టి షెడ్డులోనే కూచోనుండాదా సార్? మా ఇంట్లోకొచ్చినాది. నా మనవరాలి కడుపులోకి పోయినాది. దానికి మీసాలు మొలిచినాక సరిపోతాదేమో మీ అంకె."

వెనక వరసలో కూర్చున్న పక్కింటి పెంచలయ్య కిసుక్కుమన్నాడు.

"నవ్వురా పెంచలయ్యా. మీ పొయ్యి అలికింది కూడా ఆ మట్టితోనే."

పెంచలయ్య నవ్వు ఆగిపోయింది. వచ్చే మీటింగులో చూద్దామని ఆఫీసరు లేచిపోయాడు.

ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా అజ్మతుల్లా గునపం తీశాడు. దుమ్ము లేవకుండా పొయ్యి మీద, గడప మీద నీళ్ళు గుమ్మరించి పెళ్ళగించాడు.

"నీళ్ళు దేని మీద కాచేది?" అంది షరీఫున్నీసా.

"కాచొద్దు. ముందు బిడ్డని ఇటు రానీబాక."

మట్టంతా సంచికెత్తి మూతి బిగించి కట్టాడు. తీరా ఎక్కడ పోయాలో తోచలేదు. చేలో పోస్తే తినే గింజ, వాగులో పోస్తే తాగే నీళ్ళు. షెడ్డులోనే పోస్తే మళ్ళీ ఎవరింటి గడపకో చేరుతుంది.

మర్నాడు ఆత్మకూరు బస్సులో కండక్టరు సంచిని కాలితో తట్టి, "ఏందిది పెద్దాయనా, ఇంత బరువుండాది?" అన్నాడు.

"మా పొయ్యి. ఆ ఇంజనీరు టేబుల్ మీద పెట్టొస్తా. అక్కడ పిల్లలుండరు కదా."