మాస్టారి నోటికి తాళం

కంప్యూటర్ మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అందరికంటే బాగా ఆయనకే తెలుసు. బడిలో ఆయన చేత ప్రశ్నపత్రం తయారు చేయించడం ఎప్పుడో మానేశారు. మంచి పని చేశారని ఆయనే అంటారు.

అలాంటి మనిషితో అత్తగారు, "ఆసుపత్రి సైటులోంచి నా రిపోర్టు ప్రింటు తీసివ్వు బాబూ. చదవక్కర్లేదు," అన్నారు. మాస్టారు చదివారు. కడుపులో గడ్డ, ఆపరేషన్ చేయాలి అని ఉంది. నిజమేనా అని మళ్ళీ చూడబోయారు. ఆ కంగారులో పేజీ అడ్రసు మళ్ళీ కొడుతూ చివరి అంకె తప్పు కొట్టారు. ముక్కూమొహం తెలియని ఎవరిదో రిపోర్టు తెరుచుకుంది. అంటే అత్తగారిది కూడా దారినపోయే ప్రతివాడూ చూడొచ్చన్నమాట.

అది సర్కారు ఆసుపత్రి. ఇలాంటి లొసుగులు కంటబడితే చెప్పండని బయటివాళ్ళను ప్రభుత్వమే పిలిచే పథకం ఒకటుంది. మాస్టారు ఫోనుతో కంప్యూటర్‌ను వీడియో తీసి పంపారు. "అందింది. సరిచేసేదాకా ఎవరితోనూ అనకండి," అని జవాబొచ్చింది. పోయిపోయి తనకా ఈ మాట చెప్పడం అనుకుంటే, మాస్టారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బడిలో టీ తాగేటప్పుడు మాట నాలిక చివరిదాకా వచ్చేది. బిస్కెట్టు కుక్కుకునేవారు. ఇంట్లో భార్య, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా? మాట్లాడరేం?" అని నుదురు తాకి చూసింది. అసలు కష్టం అక్కడే. తల్లి జబ్బు సంగతి కూతురికి తెలియదు. చెప్పాల్సింది అత్తగారు, తను కాదు.

కొన్నాళ్ళకు మళ్ళీ జవాబొచ్చింది. "సరిచేశాం. కృతజ్ఞతలు. మీ మానిటర్‌కు అంటించిన చీటీ మీద మీ పాస్‌వర్డ్ వీడియోలో స్పష్టంగా కనబడుతోంది. దయచేసి మార్చుకోండి."

తన ఇంటి తలుపు బార్లా తెరిచిపెట్టి, పక్కింటికి తాళం వేసొచ్చిన ఘనుడు తనేనని మాస్టారికి అర్థమైంది. చీటీ పీకుతుంటే అత్తగారు వచ్చారు. ఇక ఆగలేక జరిగినదంతా ఆవిడతో చెప్పేశారు.

"అయితే నా రిపోర్టు చదివావు."

"చదివానత్తయ్యా. తప్పే."

"అమ్మాయికి చెప్పలేదా?"

"లేదు."

ఆవిడ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఇక నువ్వే చెప్పు బాబూ. నాకు నోరు రావడం లేదు. పక్కనే కూర్చుంటాను."

వాగుడుకాయగా పేరుమోసిన మాస్టారు భార్య ఎదుట కూర్చున్నారు. మొదటి మాట కోసం చాలాసేపు వెతుక్కున్నారు.