ఇంకో గ్రహం మీద బోరు పాయింటు

ఇరవై ఆరు భాగాల సీరియల్‌ను రెండుంబావు గంటల సినిమాగా కుదించడమంటే ఏమిటో తెలియనివాళ్లంతా నాకు సలహాలిచ్చారు. పాత్రలు తగ్గించమన్నారు, పాటలు పెంచమన్నారు. అంతరిక్షనౌకలో ఐటెం సాంగ్ ఎందుకు పెట్టకూడదని ఒక మహానుభావుడు నిజంగానే అడిగాడు. అవన్నీ ఎలాగో పళ్లు కొరుక్కుంటూ దాటాను. నా ప్రాణం తీసింది ఒక కొబ్బరికాయ.

ఆ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఒక చిన్న ఛానల్ కోసం నేనే రాశాను. భూమ్మీద నీళ్లు అయిపోయి జనం ఇంకో గ్రహానికి వెళ్తారు. అక్కడ యంత్రాలన్నీ చేతులెత్తేశాక, మా అనంతపురం ముసలాయన ఒకడు అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. మా జిల్లాలో బోరు వేసే ముందు పాయింటు చూసేది ఇలాగే. తమాషాగా ఉంటుందని రాశాను, అంతే.

ఆ పాత్ర వేసినాయన బత్తలపల్లె దగ్గరి నాటకాల మనిషి. అప్పటికి జన్మలో ఒక్క పాయింటు చూసి ఎరగడు. కాయను ఎవరికీ తెలియకుండా బొటనవేలితో లేపడం మా ఇంటి వసారాలో వారం రోజులు సాధన చేశాడు. సినిమాకూ ఆయన్నే తీసుకున్నాం. స్క్రిప్టు వినిపిద్దామని వాళ్ల ఊరికి వెళ్తే, నా చేతిలో కాగితాలు తీసుకుని పక్కన పెట్టేశాడు.

"పాపా, ఈసారి నీళ్లు పడగూడదు."

"ఏమైంది మామా?"

"సీరియలు చూసినప్పట్నుంచి జనం వస్తానే ఉండారు. మా చేను చూడు, మా చేను చూడు అని. నేను యాక్టరునప్పా అంటే నవ్వుతారు. నీ చేతిలో కాయ లేసింది మేం చూసినాం గదా అంటారు. పోరు పడలేక ఒకాయనకు చూపించినా. ఆడ బోరేసినాడు. దుమ్ము లేసింది పాపా, ఉత్త దుమ్ము."

"తిట్టినాడా?"

"తిట్టింటే బాగుండు. ఇంగో పాయింటు చూపించమన్నాడు."

నేను సరదాకు రాసిన కాయ ఎవరో మనిషి చేలో ఎండిన బోరైంది. సినిమాలో నీ కాయ అబద్ధమని తేలుతుంది, ఆ మాట నీ నోటితోనే చెప్పిస్తాను అని మాటిచ్చాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. అంత పెద్దవాడు నాకు దణ్ణం పెడితే సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక నిర్మాత. పొలాలూ రాజకీయాలూ వ్యాపారాలూ ఉన్న ఇంటి మనిషి. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"ఏమ్మా, నీకు తల తిరుగుతాందా? సీరియల్లో పడిన నీళ్లు సినిమాలో యాల పడవు? ఈ జిల్లాలో టికెట్టు కొని దుమ్ము చూసేవాడు ఎవడమ్మా? దుమ్ము ఇంటికాడే ఉండాది గదా!"

ఆయన అన్నది నిజమే, అదీ నా కోపం. నెల రోజులు వాదించాను. ఆ చేను సంగతి కూడా చెప్పాను. "అయ్యో పాపం" అన్నాడు, కాఫీ తెప్పించాడు, మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి రెండు ముగింపులూ తీద్దాం, ఎడిటింగులో చూద్దాం అన్నాడు. ఎడిటింగులో చూద్దాం అంటే చెత్తబుట్టలో వేద్దామని అర్థం. ఆ మాత్రం తెలియక కాదు ఒప్పుకున్నది. కనీసం షూటింగు చూడ్డానికి వచ్చిన జనమైనా పెద్దాయన మాట వింటారని నా ఆశ.

వేరే గ్రహానికి సోమందేపల్లె అవతలి గుట్టలు చాలన్నాడు నిర్మాత. యూనిట్ అంతా నవ్వింది. నాకు మాత్రం నాలుగు తగిలించాలనిపించింది.

పొద్దున నీళ్ల ముగింపు తీశారు. గుట్ట వెనక ట్యాంకరు, మట్టి కింద పైపు. కాయ లేచింది, నీళ్లు పైకి చిమ్మాయి, వెండి రంగు సూట్లలో మావాళ్లు గంతులేశారు. చుట్టుపక్కల పల్లెల జనం ఈలలే ఈలలు. మధ్యాహ్నం దుమ్ము ముగింపు. పెద్దాయన కాయ కింద పడేశాడు. నేను రాసిన డైలాగునూ కెమెరానూ వదిలేసి, జనం వైపు తిరిగాడు.

"నాకేం తెల్దప్పా. బొటనేలితో లేపుతాండా, ఇట్ల, చూడండి. నా మాట నమ్మి యాడా బోరెయ్యొద్దండి. మీ కాళ్లు మొక్కుతా."

దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. జనంలో ఒక్కరూ నవ్వలేదు. హమ్మయ్య, సినిమాలో ఏ ముగింపు పెట్టుకుంటారో పెట్టుకోనీ, చెప్పాల్సినవాళ్లకు చెప్పేశాం అనుకున్నాను. ఎన్నాళ్లకో గుండెల మీద బరువు దిగింది.

ప్యాకప్ అయ్యాక నేనూ పెద్దాయనా కారు దగ్గరికి నడుస్తుంటే, ట్యాంకరు తోలుకొచ్చిన రైతు ఎదురొచ్చాడు.

"అన్నా, రేపు మా చేనికాడికి ఒగసారి రావల్ల."

నాకు తిక్క రేగింది. "ఏమప్పా, నీకు చెవులు లేవా? అంతా ఉత్తదని ఆయనే చెప్పినాడు గదా! పొద్దున వచ్చినవి నీ ట్యాంకరు నీళ్లే గదా!"

"నావే అక్కా. వాల్వు తిప్పింది గూడా నేనే." అతనికి కోపం రాలేదు. "నాకు మూడు బోర్లు పోయినాయి. మిషన్లు పెట్టి చూసినోళ్లుండారు, చదువుకున్నోళ్లుండారు. అందరూ తెలుసని చెప్పే ఏయించినారు. తెల్దని చెప్పినోడు ఈయనొక్కడే. నిజం చెప్పే మనిషి గదా, అందుకే అడుగుతాండా."

నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. పెద్దాయన నా వైపు చూడలేదు. తువ్వాలుతో మొహం మీది మేకప్ తుడుచుకున్నాడు.

"మీది యావూరప్పా?" అని అడిగాడు.