మెకానికమ్మ గంజాయి మానేసిన వైనం

కుట్టు మిషన్లు బాగుచేసే ఆవిడను వీధంతా మెకానికమ్మ అనే పిలిచేది. మిషన్ తిరుగుతుంటే చెవి ఒగ్గి విని, ఎక్కడ అరిగిందో, ఎక్కడ జారుతోందో విప్పకుండానే చెప్పేసేది. పెళ్లయిన కొత్తలో మొగుడు సరదాకి ఇచ్చిన గంజాయి దమ్ము మాత్రం ఇరవై ఆరేళ్లుగా ఆమెను పట్టుకునే ఉంది. పొద్దున షట్టరు ఎత్తేముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పని ముగిశాక ఎన్నో. ‘ఆకే కదా, సారా కాదుగా’ అని మొగుడూ పెళ్లాం సర్దిచెప్పుకునేవాళ్లు.

చెల్లెలికి ఆపరేషన్ పడింది. గురువారం రమ్మని ఫోన్లో మూడుసార్లు చెప్పింది.

"వస్తానే! నేను రాకపోతే ఇంకెవరొస్తారు?" అంది మెకానికమ్మ.

దమ్ము మత్తులో పడి, ఆ మాట మళ్లీ గుర్తొచ్చేసరికి శనివారమైంది. పరుగున ఆసుపత్రికి వెళ్లింది. చెల్లెలు తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు.

"పోనీలే అక్కా. నువ్వొస్తావని నేనూ అనుకోలేదు. పక్కింటావిడకి ముందే చెప్పి పెట్టుకున్నా."

తిట్టినా బాగుండేది. తన మీద ఆ మాత్రం ఆశ కూడా పెట్టుకోలేదా అని దారంతా ఉడికిపోయింది. ఇంటికొస్తూనే డబ్బాలో ఉన్నదంతా మరుగుదొడ్డిలో పోసి నీళ్లు కొట్టేసింది. మొగుడు లబలబలాడాడు.

"పిచ్చా నీకు? మూడ్రోజులాగు, నువ్వే నా జేబులు వెతుకుతావు."

"వెతికితే చెయ్యి విరగ్గొట్టు."

మూడో రోజుకి చుక్కలు కనబడ్డాయి. ముద్ద గొంతు దిగదు. చెమటకి పక్క తడిసిపోతుంది. కాస్త కునుకు పడితే పిచ్చి కలలు. ఊరికే ఒక దర్జీ మీద విరుచుకుపడి, మర్నాడు అతని కొట్టుకే వెళ్లి, "నిన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు" అని చెప్పి వచ్చింది.

ఐదో రోజు మొగుడు స్నానానికి వెళ్లగానే చెయ్యి దానంతటదే అతని చొక్కా జేబులోకి పోయింది. పొట్లం తగిలింది. వాసన చూసింది కూడా. అతను బయటికి వచ్చేదాకా పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడింది.

"వెతికాను. దొరికింది. ఇంద, తీసుకో" అని అతని చేతిలో పెట్టింది. "ఇకనుంచి ఇది ఇంట్లో కుదరదు. తాగాలనుంటే బయట మెట్ల మీద తాగు."

"ఈ ఇల్లు నాది కూడానే!"

"నీదే. పొగది కాదు."

మొగుడు మానలేదు. పదకొండు నెలలుగా ఆ మెట్ల మీదే అతని కాపురం. చెల్లెలు ఇప్పటికీ ఏదైనా చెబితే రెండోసారి గుర్తుచేస్తుంది. మెకానికమ్మకి ఒళ్లు మండుతుంది. "నూరుసార్లు చెప్పవే, విసుగు నీకే పుడుతుంది" అంటుంది.

మొన్న మొగుడి పాత స్నేహితుడొకడు కొట్లోకి వచ్చి, చుట్టి తెచ్చినదాన్ని బల్ల మీద పెట్టాడు.

"నువ్వు లేక మజా లేదు వదినా. ఎన్నాళ్లులే ఈ పంతం?"

మెకానికమ్మ దాన్ని వేళ్లతో నలిపి, దారప్పోగులతో కలిపి చెత్తబుట్టలో పడేసింది.

"చచ్చేదాకా. చాలా? మిషన్ పాడైతే రా అన్నయ్యా, ఊరికే అయితే రాకు."