సబీనా మతిమరుపు

మా సబీనాకి మతిమరుపు. ఏ బడికి వెళ్లినా, మా సైన్సు పెట్టెలోంచి ఒక వస్తువు అక్కడ వదిలేసి రాకపోతే ఆ పిల్లకి తోచదు.

ఇద్దరం విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాం. బుధవారాలు సర్కారు బడులకి వెళ్లి, పిల్లల చేతికే వస్తువులిచ్చి ప్రయోగాలు చేయిస్తాం. మాటలన్నీ సబీనావి. పెట్టె మోత, బాధ్యత మాత్రం ఈ జ్యోతిర్మయివి.

ఆ పెట్టెలో ఒక్కో వస్తువుకీ స్పాంజిలో దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. ఏది లేకపోయినా పన్ను ఊడిన నోరులా ఇట్టే కనిపించిపోతుంది.

"ఏటే, భూతద్దం ఏదే?" అని తిరుగు బస్సులో అరిచేదాన్ని.

"అరే, మర్సిపోనానే!" అని నాలిక కరుచుకునేది.

పై వారం వెళ్లి దాన్ని తెచ్చుకునేవాళ్లం. ఈ మహాతల్లి అక్కడే ఇంకోటి వదిలి వచ్చేది.

తమాషా ఏమిటంటే, తన గొడుగు ఏనాడూ మర్చిపోదు. లంచ్ బాక్సు మర్చిపోదు. మూడేళ్ల కిందట తన ప్లేటులోంచి నేను లాక్కున్న సమోసా ముక్కని ఇప్పటికీ దెప్పుతుంది. అరవై మంది పిల్లల పేర్లు ఒక్కసారి వింటే చాలు, జన్మలో మర్చిపోదు.

పాత ఊళ్లో వాళ్ల నాన్న గులాం మొహమ్మద్ గారికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఉండబట్టలేక వెళ్లి అడిగాను. "అంకుల్, చిన్నప్పట్నుంచీ ఇంతేనా ఈ మతిమరుపు?"

"మా సబీనాకా?" అని ఆయన జోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ నన్ను చూశారు.

చివరికి సంగతి మా ల్యాబు చూసే గురునాథరావు సార్ చెవిన పడింది. అప్పటికి అయస్కాంతం, థర్మామీటర్ రెండూ లేవు. "సోమవారం పెట్టె చూస్తాను. ఒక్క గుంట ఖాళీగా కనబడినా ఇక పెట్టె గుమ్మం దాటదు" అన్నారు సార్. మా కోసం గేటు దగ్గర కాచుకుని ఉండే పిల్లలకి ఏం చెప్పాలి?

శనివారం బడి వదిలే వేళకి సబీనా రెక్క పట్టుకుని బయల్దేరదీశాను.

ఆటోనగర్ బడిలో అయస్కాంతం పొడుగాటి కర్ర చివర కట్టి ఉంది. ఏడో తరగతి జమీర్ దాన్ని షెడ్ల ముందు రోడ్డంతా తిప్పి డబ్బాడు మేకులు ఏరాడట. "ఈ వారం మా ఈధిలో ఒక్క పంచరూ నేదు మేడం!" అన్నాడు ఛాతీ విరుచుకుని. వాడు వేసిన ముళ్లు విప్పడానికి మాకు పావుగంట పట్టింది.

థర్మామీటర్ ఫిషింగ్ హార్బర్‌లో ఆరో తరగతి నూకాలు దగ్గరుంది. వాళ్ల మామ్మ వరహాలమ్మ చేపల పెట్టెల ముందు కూర్చుంది. నూకాలు చేపల మధ్య థర్మామీటర్ గుచ్చి, కళ్లు చికిలించి, "మామ్మా, ఆరు డిగ్రీలు! ఐసు ఎయ్యి!" అని హుకుం జారీ చేసింది. మామ్మ మారుమాట లేకుండా పార అందుకుంది. పక్కవాళ్లు కూడా తమ పెట్టెలు వరసలో పెట్టుకుని కూర్చున్నారు.

"నా మనవరాలు సెప్తే గానీ ఇక్కడ ఎవులూ ఐసు ఎయ్యరమ్మా. వారం నుండీ ఒక్క సేపా పాడవనేదు" అంది వరహాలమ్మ. హార్బర్ మొత్తం తనదే అన్నంత ధీమా ఆ గొంతులో.

నూకాలు నన్ను చూడగానే థర్మామీటర్‌ని గౌనుకి తుడిచి చేతిలో పెట్టేసింది. "తీసుకోండి మేడం. నా వంతు అయిపోనాది."

"నీ వంతేటి?"

"ఆ రోజు బెల్లు కొట్టీసినారు కదా. అందరి వంతూ అయ్యింది, నాదొక్కటే అవనేదు. అందుకే అక్క మర్సిపోనాది."

గిరుక్కున సబీనా వైపు తిరిగాను. ఆవిడగారు పుట్టి బుద్ధెరిగి పడవలు చూడనట్టు వాటికేసే చూస్తోంది. ఆటోనగర్‌లో వంతు రాక చివరి బెంచీలో మిగిలిపోయినవాడు జమీరే అని అప్పుడు వెలిగింది నాకు. ఒళ్లు మండిపోవాలి నిజానికి. మండలేదు.

నా చేతిలో థర్మామీటర్. నా ఎదురుగా వరసలో ఇంకా మూడు చేపల పెట్టెలు.

సోమవారం సార్ మా పెట్టె తెరిచారు. పొడుగాటి గుంట ఒకటి ఖాళీగా ఉంది.

"ఇక్కడిదేదీ?"

సబీనా నోరు తెరవబోతే కాలు తొక్కాను. "మర్చిపోయాను సార్."

"నువ్వా?" సార్‌కి పొలమారింది. "ఎక్కడ?"

"హార్బర్‌లో సార్. డ్యూటీ మీదుంది."

ఇక ఆగలేకపోయాను. నూకాలు హుకుం, వరహాలమ్మ పార, జమీర్ డబ్బాలో మేకులు, అన్నీ ఏకరువు పెట్టేశాను. చెబుతుంటే నా పిల్లల్ని నేనే పొగుడుకుంటున్నంత గర్వం వచ్చేసింది.

సార్ పెట్టె మూశారు. "బుధవారం బస్సు తొమ్మిదింటికి కదూ" అని వెళ్లిపోయారు. చూస్తే టేబుల్ మీద స్టోరు బీరువా తాళంచెవి ఉంది. థర్మామీటర్లు, అయస్కాంతాలు డజన్ల కొద్దీ ఉండే బీరువా అది. ఆ తాళంచెవి సార్ జేబు దాటడం మా సీనియర్లు కూడా చూసి ఎరగరు.

సబీనా గబుక్కున దాన్ని అందుకుని గుమ్మం వైపు పరిగెత్తింది. "సార్! సార్! తాళంచెవి మర్సిపో..."

జడ దొరకబుచ్చుకుని వెనక్కి లాగాను.

"ఆగవే పిచ్చి మొద్దూ! నీ జబ్బు సార్‌కీ అంటుకుంది."