సత్యభామ సైకిలు మార్చింది

సత్యభామకు చిన్నప్పుడే పోలియోతో ఎడమకాలు సన్నబడింది. మోకాలిమీద చెయ్యి ఆనించి, ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. సైకిలెక్కితే మాత్రం ఆ కుంటు కనపడేది కాదు. కుడికాలే తొక్కేది, ఎడమది పెడలుతో పాటు ఊరికే తిరిగేది. హెబ్బగోడిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి అదే దారిన పోయే చెన్నరాయప్పకూ చాలాకాలం సంగతి తెలియదు. అతను పెళ్ళిమాట ఎత్తిన రోజున ఆమె సైకిలు దిగి, నాలుగడుగులు నడిచి చూపించింది.

"ఇప్పుడు చెప్పు."

"సైకిలు నేను పట్టుకుంటాలే, నడువు" అన్నాడతను.

కూతురు పల్లవి కాలేజీలో చేరేనాటికి కుడికాలిలోనూ సత్తువ తగ్గింది. తొక్కడానికి ఇబ్బంది లేదు, ఆగడమే కష్టమైంది. నేల మీద ఆనించగానే కాలు వణికి మడత పడేది. అందుకని ఆవు అడ్డమొచ్చినా ఆగకుండా తప్పించుకుని పోయేది. ఒకనాడు సందు దాటి రోడ్డెక్కగానే నీళ్ళ ట్యాంకరు ఎదురైంది. ఆగక తప్పలేదు. సైకిలుతో సహా పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

కట్టు విప్పాక చెన్నరాయప్ప మూడు చక్రాల సైకిలు తెచ్చాడు. వెనక రెండు చక్రాల మధ్య పెద్ద బుట్ట ఉంది.

"దీన్నెక్కితే నేను కుంటిదాన్నని ఊరంతా చాటినట్టుంటాది" అంది సత్యభామ.

"రోడ్డు మీద పడితే చాటినట్టు కాదా?"

రెండు రోజులు ఆ బండిని ముట్టుకోలేదు. మూడోనాడు పల్లవిని తీసుకుని ఖాళీ సైటుకు వెళ్ళింది. మలుపులో అలవాటు కొద్దీ ఒరిగింది. బండి ఒరగలేదు, నేరుగా పోయి ముళ్ళకంపలో దూరింది.

"ఒరగొద్దమ్మా, హ్యాండిలు తిప్పు!" అని అరిచింది పల్లవి.

"ఇన్నేళ్ళు ఒరిగే బతికినాను. ఇప్పుడు నిటారుగా కూర్చోమంటే యెట్లనే?"

వారానికి చేతులు దారికొచ్చాయి. ఫ్యాక్టరీ చిన్న గేటులో బండి పట్టక వాచ్‌మన్ పెద్ద గేటు తీశాడు. అందరూ తిరిగి చూశారు. పక్క మిషను మీద కొత్తగా చేరిన అమ్మాయి కాలికేమైందని అడిగింది. చిన్నప్పటినుంచీ అంతేనని చెబితే నమ్మలేదు. ఆ పూట సత్యభామకు అన్నం సయించలేదు.

తరవాత తరవాత అడిగేవాళ్ళు తగ్గారు. సందులో ఈ బండి పట్టదు కనక ఇంటినుంచి ముందే బయల్దేరి చుట్టూ తిరిగి పోతుంది. సిగ్నలు దగ్గర రెండు కాళ్ళూ పెడళ్ళ మీదే ఉంచి తీరిగ్గా కూర్చుంటుంది. పూలమ్మే చిక్కమ్మ కనపడితే బండి దిగకుండానే మాట్లాడుతుంది.

ఒక ఆదివారం సంతనుంచి వస్తూ, పక్కన నడుస్తున్న మొగుణ్ణి బుట్టలో కూర్చోమంది.

"చూసినోళ్ళు నవ్వుతారే."

"నన్ను చూసి చూసి వాళ్ళకు విసుగొచ్చేసింది. ఎక్కబ్బా."

కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు. ఇల్లు చేరేసరికి బుట్ట అంచులు తొడలకు ఒరుసుకుని మంటపెట్టాయి. మరుసటి వారం బుట్ట తీయించి, చెక్క పలక వేయించాడు.