తుడుము చెట్టెక్కిన ఆదివారం

లోతుపుట్టు సోములమ్మ ప్రార్థన చేస్తుంటే, కొత్తవాళ్ళు ఆమె ఎవరితోనో పోట్లాడుతోందనుకుంటారు. అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ఆమె పోట్లాడుతూనే ఉంటుంది. అవతలి పక్షం పరలోకంలో ఉండడం వల్ల మనకు ఒకవైపు మాటలే వినిపిస్తాయి, అంతే.

"ఏటి ప్రెబువా, మొగం అటు తిప్పీసుకున్నావు? నానేటన్నాను నిన్ను? మిరియం పాదు ఎండిపోతంది. సూత్తన్నావా, కునుకుతన్నావా?"

ముంచింగిపుట్టు సంతలో అల్లం బేరం చేసే గొంతుతోనే ఆమె దేవుణ్ణి పిలుస్తుంది. ఈ ధోరణి వినడానికి మర్యాదగా లేదని మైదానం నుంచి వచ్చిన పాస్టర్లు వరసగా ఆమెకు నచ్చజెప్పబోయారు. సోములమ్మ కీర్తనల గ్రంథం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి చూపించేది. ఎన్నాళ్ళు మరిచిపోతావని దేవుణ్ణి నిలదీసినవాడు అక్కడ దావీదు మహారాజంతటివాడు. రాజుగారికి లేని సిగ్గు తనకెందుకని ఆమె వాదం. బైబిల్లో మిగతా పుస్తకాలంటే సోములమ్మకు గౌరవం. కీర్తనలంటే చుట్టరికం.

ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా నేర్చుకున్న చదువును ఆమె మరే పనికీ ఖర్చు చెయ్యలేదు. దేవుడు కాపరిగా ఉండే ఆ పచ్చిక బయళ్ళ కీర్తన అందరికీ ఇష్టం. పెళ్ళికీ అదే, చావుకీ అదే. సోములమ్మకు మాత్రం దాని మీద చిన్న అభ్యంతరం ఉంది. "అది మందని కాసినోడు రాసుకున్న పాట. మందేటనుకుందో ఆడు రాయనేదు," అంటుంది, తన మేకల్ని గుర్తుచేసుకుని.

కొండల వైపు కళ్ళెత్తి, నాకు సాయం ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగే కీర్తన మీద మాత్రం ఆమెకు అభ్యంతరం లేదు, వ్యాఖ్యానం ఉంది. "కొండ కిందోడు కొండ మీదికి సూత్తాడు. కొండ మీదున్నోలం మనం ఎటు సూడాల? అందుకే ఎంటనే సెప్పీసినాడు, సాయం కొండలోంచి రాదు, కొండని సేసినోడి కాడి నుంచి వొత్తాదని. ఆ రెండో మాట ఇనకుండా సగం పాట పట్టుకొని కార్లేసుకొచ్చీత్తన్నారు."

ఈ కార్ల సంగతి తర్వాత. ముందు తుడుము సంగతి.

తుడుమనే ఆ తోలువాద్యం ఆమె భర్త బుజ్జిబాబుది. ఊరి మందిరంలో పాటకు అదే ఆధారం. ధింసా ఆటకు వేసే దెబ్బే కీర్తనకూ వేసేవాడు. దేవుడు కూడా ఈ కొండవాడే గనక అర్థం చేసుకుంటాడని అతని నమ్మకం. అతను జ్వరంతో పోయాక తుడుము గోడెక్కింది. పెద్దలు ఇంకో మగవాణ్ణి వెతికి కూర్చోబెట్టారు. ఆ మహానుభావుడు కొడుతుంటే పాట పాడేరు వైపు, దెబ్బ ఒడిశా వైపు వెళ్ళేవి. ఒక ఆదివారం సోములమ్మ లేచి, ఆ తుడుము తన ఒళ్ళో పెట్టుకుంది. ఆడమనిషి తుడుము కొట్టవచ్చునా అనే విషయమై పెద్దలు ఆలోచించి నిర్ణయం చెబుతామన్నారు. ఆ ఆలోచన నేటికీ సాగుతోంది. సోములమ్మ నేటికీ కొడుతోంది.

అలాంటి మందిరం పైకప్పును అక్టోబరులో తుపాను లేపుకుపోయింది. రేకుల్లో ఒకటి దిగువ కాఫీ తోటలో దొరికింది. ఇంకొకటి పక్క ఊళ్ళో పందుల పాక మీద కనిపించింది. అది చాలాకాలం దైవసేవలో ఉన్న రేకని ఆ పందులకు ఎవరూ చెప్పినట్టు లేదు. మందిరం మీద నీలం టార్పాలిన్ కట్టారు. వాన పడితే అది కడుపుతో ఉన్న గేదెలా కిందికి దిగి, ఎవరో ఒకరి నెత్తిమీద ప్రసవించేది. ముందు క్రిస్మస్ ఉంది. కప్పు ఎలా అన్నది ఊరందరి బెంగ.

సరిగ్గా అప్పుడు లక్ష్మీప్రసాద్ వచ్చాడు. కొండ అంచున గుడారాలు వేసి, తెల్లారి మబ్బులు చూపించే విడిదికి అతను మేనేజరు. కార్లు వచ్చేది అక్కడికే. అతను టార్పాలిన్ చూశాడు, నిట్టూర్చాడు, క్రిస్మస్ లోపల కొత్త రేకులు వేయిస్తానన్నాడు. బదులుగా ఆదివారాలు తన అతిథులు వచ్చి ఆరాధనలో కూర్చుంటారు. దానికి 'ట్రైబల్ వర్షిప్ ఎక్స్‌పీరియన్స్' అని అప్పటికే పేరు కూడా పెట్టేశాడు.

"అంతేనండి. చిన్నచిన్న సర్దుబాట్లు. ఆడవాళ్ళు పాత పద్ధతిలో చీర కట్టుకోవాలి. అతిథుల టిఫిన్లు అయ్యాక మొదలుపెట్టాలి. ఆ తుడుము కొట్టే అమ్మ తప్పనిసరి. ప్రసంగం మాత్రం వద్దండి, జనం లేచిపోతారు."

పాస్టర్ రవిబాబుకు ఈ చివరి సర్దుబాటు ముల్లులా గుచ్చుకుంది. అయినా అతను పాచిపెంట వైపు పేదింటి నుంచి వచ్చిన మంచి మనిషి. వానలో తడుస్తూ వాక్యం వినే ముసలివాళ్ళని చూసి ఏడ్చినవాడు. ఆ సాయంత్రం సంఘాన్ని కూర్చోబెట్టాడు.

"రేకులొత్తాయి. ఆలకి దేవుని మాట వినపడతాది. రెండూ మంచివే గదమ్మా?" అన్నాడు.

"ఇనడానికొత్తే రమ్మను బాబూ. మన గుడి తలుపు ఏనాడైనా మూసినామా? తలుపే నేదు," అంది సోములమ్మ. "ఆలు ఇనడానికి రారు, సూడ్డానికొత్తారు. నాను దేవుడి కోసం కొడతన్నానా, ఆల టిఫినీ అరగడానికి కొడతన్నానా?"

గాసి మెల్లగా దగ్గాడు. బుజ్జిబాబుకు అన్న, సోములమ్మకు బావ. ఊళ్ళో ఎవరితోనూ గొంతు హెచ్చించి ఎరగనివాడు. "నీకేటి సోములూ, నువ్వు గోడవార కూకుంటావు. నీళ్ళు నా మెడ మీదే పడతన్నాయి."

"జరిగి కూకో బావా."

"జరిగినాను. అక్కడా పడతన్నాయి."

అందరూ నవ్వారు. సోములమ్మ నవ్వలేదు. కీర్తనల్లో చెరలో పడిన జనం కథ ఎత్తుకుంది. "బబులోనోలు ఆలని తోలుకెల్లీసి, మీ దేవుడి పాట ఒకటి పాడండి, సరదాగా ఉంటాదన్నారంట. ఆలు పాడినారా? సితారాలు ఒట్టుకెల్లి సెట్లకి తగిలించీసినారు."

"మనం చెరలో లేం గదమ్మా," అన్నాడు రవిబాబు.

"రేకు సూపిత్తే ఎనకాల ఎల్తన్నాం. మెడకి తాడు కట్టనేదు, అదే తేడా."

ఆ కీర్తన చివర్న పగవాడి పిల్లల్ని గురించి ఒక భయంకరమైన కోరిక ఉంది. సోములమ్మ ఎప్పుడూ అక్కడిదాకా గట్టిగా చదవదు, మనసులో చదువుకుంటుంది. అంత కోపాన్ని దేవుడి ముందు కక్కేసినవాడు చేత్తో చెయ్యడని, అందుకే ఆ మాటల్ని గ్రంథంలో ఉండనిచ్చారని ఆమె నమ్మకం. ఆ సాయంత్రం మాత్రం లక్ష్మీప్రసాద్ గుడారాల గురించి ఆమె మనసులో చాలాసేపు చదువుకుంది.

చేతులెత్తమన్నారు. సోములమ్మ వైపు సోములమ్మ ఉంది. మిగతా లోతుపుట్టు రేకుల వైపు ఉంది.

ఆదివారం వచ్చింది. మందిరం పక్కన మిరియం తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్టుంది. సోములమ్మ తుడుమును తాడుతో దాని కొమ్మకు వేలాడదీసి, కింద బండమీద బైబిలు పట్టుకుని కూర్చుంది. "గుడి మాననేదు. గుళ్ళోకి రానేదు," అని అడిగినవాళ్ళకు తన స్థితిని వివరించింది. ఇంతటి సూక్ష్మమైన వ్యత్యాసం న్యాయస్థానాల్లో తప్ప వినబడదు.

జీపులు దిగాయి. వీడియో తీసే డ్రోను ఒకటి పైకి లేచింది. లక్ష్మీప్రసాద్ తుడుమును చూసి ఒక క్షణం తడబడ్డాడు. అతనిది తడబాటులో ఉండిపోయే వృత్తి కాదు. "ఇక్కడ చూడండి సార్, ఆరాధనకు ముందు వాద్యాన్ని చెట్టుకు కట్టడం తరతరాలుగా వీళ్ళ ఆచారం," అన్నాడు. ఆ ఆచారం పుట్టి అప్పటికి అరగంటయింది. అతిథులు భక్తితో దానికి ఫొటోలు తీశారు.

"ఓలమ్మో!" అంది సోములమ్మ. ఆ మాట కూడా వీడియోలో పడింది.

లోపల పాట మొదలైంది. దెబ్బ లేని పాట, నేల తగలని కాలిలా తడుముకుంది. తర్వాత గాసి ప్రార్థనకు లేచాడు. ప్రతి ఆదివారం అతని ప్రార్థన ఒకటే. చోళ్ళ పంటకు వందనాలు చెబుతాడు, వానకు వందనాలు చెబుతాడు, ఆఖరున భార్య చిన్నమ్మలు దగ్గరకొచ్చి ఆగిపోతాడు. కిందటి వానల్లో జబ్బుపడిన ఆమెను ఆసుపత్రికని డోలీలో మోసుకు దిగుతుంటే, రోడ్డు ఇంకా కనబడకముందే డోలీలోని మూలుగు ఆగిపోయింది. ముందు కర్ర మోసింది గాసే. "ఆగమన్నాది ప్రెబువా... నాను ఆగనేదు, బేగి దిగిపోదారని..." అంటాడు. అంతకుమించి ఎప్పుడూ అనలేదు. సంఘం ఆ చోట తల దించుకుని అతని కోసం ఆగుతుంది. అది లోతుపుట్టు ఆరాధనలో రాయని భాగం.

ఆ రోజూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో లక్ష్మీప్రసాద్ గొంతు వినిపించింది.

"బాబాయ్, ఏమీ అనుకోకు. డ్రోను చప్పుడులో సరిగ్గా రాలేదు. ఆ 'ఆగమన్నాది' దగ్గర్నుంచి ఇంకొక్కసారి చెప్తావా? ఆ కన్నీళ్ళు కూడా..."

గాసికి అర్థం కాలేదు. మాట కాదనడం తెలియని మనిషి గనక మళ్ళీ నోరు తెరిచాడు. "ఆగమన్నాది..." అని, ఎవరికి చెబుతున్నాడో తెలియక చుట్టూ చూశాడు.

బండమీద బైబిలు ఉండిపోయింది. సోములమ్మ లోపలుంది.

"నోరు ముయ్యి బావా! ఒరే గుంటడా, ఏటన్నావు? మళ్ళీ ఏడమన్నావా? నీ అమ్మ సచ్చినపుడు ఎన్నిసార్లు ఏడిసినావురా, లైటు బాగానేదని? ప్రెబువా, సూత్తన్నావా! ఈలు నీ బిడ్డల కన్నీళ్ళకి కూడా మళ్ళీ మళ్ళీ అంతన్నారు! నువ్వు మా కన్నీళ్ళు సీసాలో దాసుకుంటావని రాయించినావే, ఈలు సెల్లులో దాసుకుంటన్నారు! లెగు, లెగు ప్రెబువా! ఎంతసేపు పడుకుంటావు?"

కీర్తనకారుడు వింటే తన శిష్యురాలిని చూసి గర్వపడేవాడు. అతిథులూ గర్వపడ్డారు. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎవరో "వావ్" అన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు.

"సూపరమ్మా, ఇదే కావాలి!" అన్నాడు లక్ష్మీప్రసాద్. "కొంచెం వెలుతురు వైపు తిరుగు."

సోములమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. తిట్టినా వాళ్ళకు ఆటే, ఏడ్చినా ఆటే. చెట్టుకు తగిలించిన తుడుమూ ఆటే అయింది. దేవుడి ముందు పెట్టుకోవడానికి ఆమెకు మిగిలిన కోపాన్ని కూడా వాళ్ళు సంచిలో వేసుకుంటున్నారు.

కీర్తనల్లో ఆమె ఎన్నడూ ముట్టని కీర్తన ఒకటుంది. నా ప్రాణం దేవుడి కోసం మాత్రమే మౌనంగా కనిపెట్టుకుని ఉందని చెప్పేది. నోరున్న మనిషికి అది పనికిరాదని, ఒంట్లో బాగాలేనప్పుడు దావీదు రాసి ఉంటాడని ఆమె అభిప్రాయం. ఆ క్షణంలో అభిప్రాయం మారిందో, వేరే దారి లేకపోయిందో చెప్పలేం. నమ్మకం చాలామందిలో రెండో దారినే వస్తుంది. ఆమె నోరు మూసింది. గాసి పక్కన చాప మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

మైకు పట్టుకున్న రవిబాబు తర్వాతి పాట ప్రకటించబోయి గాసి ముఖం చూశాడు. మైకు కట్టేసి, అతనూ నేలమీద కూర్చున్నాడు. ఆ తర్వాత పాత పద్ధతిలో చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు. ఆ తర్వాత రేకులకు చేతులెత్తిన ఊరంతా.

మౌనాన్ని వీడియో తియ్యడం కష్టం. అతిథులు కొంతసేపు ప్రయత్నించారు.

"అయిపోయిందా?"

"ఏమో, ఇది కూడా ఆచారమేమో."

"ఎంతసేపుంటుందండీ ఈ ఆచారం?"

లక్ష్మీప్రసాద్ పాస్టరు చెవి దగ్గర వంగి గుసగుసలాడాడు. ఆ నిమిషంలో రవిబాబుకు చెవులు లేవు. బయట సన్నగా వాన అందుకుంది. టార్పాలిన్ దిగింది; నిండింది; లక్ష్మీప్రసాద్ మెడ మీద ప్రసవించింది. దేవుడు నిద్రలేచాడా అని సోములమ్మను అడిగితే, ఇంత చిన్నపనికి ఆయన లేవక్కర్లేదు అంటుంది. విడిదిలో బొంగు చికెన్ చల్లారిపోతుందని ఎవరో గుర్తుచేశారు. చీరకొంగు తలమీద కప్పుకున్న ఒక పెద్దావిడ మాత్రం ఫోను సంచిలో పెట్టేసి, జీపు హారన్ రెండోసారి మోగేదాకా తలదించుకుని కూర్చుంది. ఆవిడ పేరు ఎవరూ అడగలేదు.

"పాస్టర్ గారూ, వచ్చేవారం ఇలా అయితే రేకుల సంగతి మర్చిపోండి," అన్నాడు లక్ష్మీప్రసాద్, మెడ తుడుచుకుంటూ. "గాసి బాబాయ్ ప్రార్థన ఒక్కటి సరిగ్గా ఇస్తే చాలు."

"ఒకసారి దేవుడికి చెప్పింది రెండోసారి మనిషికి చెప్పడం మాకు రాదు సార్," అన్నాడు రవిబాబు.

జీపులు మలుపు తిరిగాక సోములమ్మ బయటికెళ్ళి తుడుము దించింది. తడిసిన తోలును మంటకు కాస్త కాచింది. ఆ ఆదివారం ఆరాధన మధ్యాహ్నం దాటాక కూడా సాగింది. ప్రసంగం కూడా జరిగింది. అది చాలా పొడుగైందని, తన విజయంలో ఆ ఒక్క నష్టాన్ని ఊహించలేదని సోములమ్మ ఇప్పటికీ అంటుంది.

రేకులు రాలేదు. క్రిస్మస్‌కు ముందు ఊరంతా మీది కొండకెళ్ళి గడ్డి కోసుకొచ్చింది. గాసి మోకాళ్ళు ఎక్కనివ్వక కింద కూర్చుని తాళ్ళు పేనాడు. కప్పు నేశారు. గాసి మెడ మీద ఇప్పుడు చుక్క పడదు. మందిరం మొత్తానికి ఒక్కచోటే కారుతుంది, గోడవార, సోములమ్మ కూర్చునే చోట.

జరగమని అందరూ చెబుతారు. జరగదు. తుడుము ఒళ్ళో పెట్టుకుని, చుక్క పడ్డప్పుడల్లా తలెత్తి పైకి చూస్తుంది.

"ఏటిది? ఇల్లు నీది. కప్పు మేం ఏసినాం. ఈ ఒక్క కంత నువ్వు సూసుకోలేవా?" అని అడుగుతుంది. జవాబు కోసం కాసేపు నోరు మూసుకుని ఆగుతుంది. ఇది ఆమెలో కొత్త. తర్వాత దెబ్బ వేస్తుంది.